వార్ధక్యం గురించి విద్యార్థి బృందాలు: విజయవాడ, గుంటూరులకు సరిపడే పద్ధతి ఏది?

విజయవాడ నుంచి గుంటూరుకు హైవే మీద వెళ్తుంటే దారి పొడవునా కాలేజీ బోర్డులే. ఆ కాలేజీల్లో కోడింగ్ క్లబ్బు ఉంటుంది, రోబోటిక్స్ క్లబ్బు ఉంటుంది, ఫొటోగ్రఫీకీ డ్యాన్సుకీ విడివిడిగా బృందాలుంటాయి. మనిషికి వయసు మీద పడటం అనే విషయాన్ని చదవడానికి, ఆ వయసులో ఉన్నవాళ్లతో కలిసి పనిచేయడానికి విద్యార్థులు తమంతట తాము పెట్టుకున్న బృందం మాత్రం అరుదు. గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ సత్యనారాయణపురంలోనో చూస్తే పిల్లలు అమెరికాకో హైదరాబాద్‌కో వెళ్లిపోగా ఇద్దరే మిగిలిన ఇళ్లు, ఒక్కరే మిగిలిన ఇళ్లు ఎన్నో. ఇంతమంది కుర్రకారు, ఇంతమంది పెద్దవాళ్లు పక్కపక్క వీధుల్లోనే ఉంటూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా గడిపేస్తున్నారు. ఇది చిన్న లోటేమీ కాదు.

లెక్కలు చూస్తే ఎందుకింత తొందరో అర్థమవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్లు సుమారు 10.4 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక 2022 నాటికి ఈ సంఖ్యను 14.9 కోట్లుగా, 2050 నాటికి 34.7 కోట్లుగా అంచనా వేసింది. అప్పటికి ప్రతి అయిదుగురిలో ఒకరు వృద్ధులే. ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో మిగతా చాలా రాష్ట్రాలకంటే ముందే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 కావాలి. అందుకే 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. కానీ రేపు పుట్టబోయే పిల్లలు ఎందరైనా కానీ, 2050 నాటికి వృద్ధులయ్యేవాళ్లు ఇప్పటికే మన మధ్య ఉన్నారు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయికి అప్పటికి నలభై అయిదేళ్లు ఉంటాయి. ఆమె అమ్మానాన్నలు డెబ్బైల్లో ఉంటారు. ఈ చదువు అవసరం ఆమె సొంత ఇంట్లోనే పడుతుంది.

మిగతా చోట్ల ఈ తరహా విద్యార్థి బృందాలు కొత్తేమీ కాదు. అమెరికాలో జెరంటలాజికల్ సొసైటీ, అంటే వార్ధక్య శాస్త్ర సంఘం, 1945లోనే ఏర్పడింది, అందులో విద్యార్థులకు, కొత్తగా వృత్తిలోకి వచ్చినవాళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1975లో వార్ధక్య శాస్త్రానికి ఏకంగా ఒక స్కూల్ పెట్టింది. 1980లో సిగ్మా ఫై ఒమేగా అనే వార్ధక్య శాస్త్ర సంఘం మొదలై వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో శాఖలు తెరిచింది. ఐర్లండ్‌లో డబ్లిన్ సిటీ యూనివర్సిటీ 2012లో పది సూత్రాలు రాసుకుని, పెద్దవాళ్లకు అనువైన విశ్వవిద్యాలయాల కూటమికి నాంది పలికింది. మన దగ్గరా పునాదులు లేకపోలేదు. మద్రాసు జనరల్ హాస్పిటల్‌లో 1978లో వృద్ధులకు ప్రత్యేక ఓపీ మొదలైంది, 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో జీరియాట్రిక్స్ (వృద్ధుల వైద్యం) ఎండీ వచ్చింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.వి. రామమూర్తి వార్ధక్య మనస్తత్వంపై దశాబ్దాలపాటు పరిశోధన నడిపించారు. తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి ఆ మాత్రం వంశవృక్షం ఉంది.

అయితే అమెరికా నమూనాను యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే నిలవదు. అక్కడ ఒక పెద్ద విశ్వవిద్యాలయం అంటే మెడిసిన్, నర్సింగ్, లా, సోషల్ వర్క్ తరచూ ఒకే గొడుగు కింద ఉంటాయి. ఒక నోటీసు అంటిస్తే అందరూ చూస్తారు. ఇక్కడ లెక్క వేరు. గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ, నర్సింగ్, ఫిజియోథెరపీ కాలేజీలు హెల్త్ యూనివర్సిటీ కిందకి వస్తాయి. గుంటూరు వైపు డిగ్రీ కాలేజీలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధి, బెజవాడ వైపువి మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం పరిధి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కేంద్ర సంస్థ. మంగళగిరి ఎయిమ్స్ దారి మంగళగిరి ఎయిమ్స్‌ది. వడ్డేశ్వరం, వడ్లమూడిలోని డీమ్డ్ యూనివర్సిటీల క్యాలెండర్లు వాళ్లవి. ఏ ఒక్క కాలేజీలో క్లబ్బు పెట్టినా అందులో ఒకే రకం చదువు చదివేవాళ్లే ఉంటారు.

వార్ధక్యానికి అది చాలదు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై అయిదేళ్ల మనిషి తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి జారిపడ్డాడనుకుందాం. విరిగిన ఎముకను ఆర్థోపెడిక్ డాక్టరు చూస్తారు. పడటానికి ముందు కళ్లు తిరగడానికి బీపీ మాత్రలేమైనా కారణమా అన్నది ఫార్మసీ చదివినవాళ్లు అడగాల్సిన ప్రశ్న. తొడ కండరాల్లో పట్టు తగ్గిన సంగతి ఫిజియోథెరపీ విద్యార్థి కనిపెడతాడు. గుమ్మం దగ్గర అరడుగు గట్టు, నున్నటి టైల్స్, పట్టుకోవడానికి ఏమీ లేని గోడ ఆర్కిటెక్చర్ విద్యార్థి కంటికి ఆనతాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆరు వారాలు ఎవరు చూసుకోవాలి, కోడలి ఉద్యోగం ఏమవ్వాలి అన్నది సోషల్ వర్క్. మళ్లీ పడతానేమోనన్న భయంతో ఆయన గది దాటి రావడం మానేస్తే అది సైకాలజీ. ఒక్క పడటంలో ఆరు సబ్జెక్టులున్నాయి. అందుకే ఈ ప్రాంతంలో వార్ధక్య బృందం ఏ ఒక్క కాలేజీ క్లబ్బుగానో మిగిలిపోకూడదు, కాలేజీల మధ్య ఊరి బృందంగా ఉండాలి. ఈ వ్యాసం గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో కూడా మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం. 1990లో ఐక్యరాజ్యసమితి దీన్ని ప్రకటించింది. ఆ రోజు, లేదా ఎవరిదో పుట్టినరోజున, విద్యార్థులు వృద్ధాశ్రమానికి వెళ్తారు. బ్యానర్ కడతారు, అరటిపళ్లు, బ్రెడ్ ప్యాకెట్లు, దుప్పట్లు పంచుతారు, గ్రూప్ ఫొటో దిగుతారు, గంటలో తిరిగి బస్సెక్కుతారు. వెళ్లినవాళ్ల మనసు మంచిదే, అందులో సందేహం లేదు. కానీ ఆ గంటలో విద్యార్థి నేర్చుకునేది ఒక్కటే: వృద్ధులంటే పుచ్చుకునేవాళ్లు, జాలిపడాల్సినవాళ్లు. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు, రెండు వర్గాల మధ్య అపోహలు తగ్గాలంటే కలుసుకోవడం ఒక్కటే చాలదని. ఇద్దరూ సమాన హోదాలో ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, కలిసి పనిచేయాలి, సంస్థ అండ ఉండాలి. పండు ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి ఉన్నచోట సమాన హోదా అన్న మొదటి షరతే తప్పిపోతుంది.

ఈ అపోహల ఖరీదు కూడా తక్కువ కాదు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెక్కా లెవీ, సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తమ ముసలితనం గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికినట్టు తేలింది. 'ఇంకేముంది, కాటికి కాళ్లు చాపుకున్నాం' అనుకోవడం ఒంటి మీద కూడా పనిచేస్తుందన్నమాట. ఆ మాట పెద్దవాళ్ల నోటికి రావడానికి ముందు చుట్టూ ఉన్నవాళ్ల నోటి నుంచి వాళ్లు ఎన్నోసార్లు విని ఉంటారు.

ఇంకో సంగతి. మన వృద్ధుల్లో చాలా కొద్దిమందే ఆశ్రమాల్లో ఉంటారు. మిగతావాళ్లంతా ఇళ్లలోనే, వీధుల్లోనే ఉన్నారు. కాబట్టి బృందం వెళ్లాల్సింది ఇళ్లకు.

బెజవాడలో అలా వెళ్లడమంటే చాలాచోట్ల ఎక్కడమే. చిట్టినగర్, గుణదల, మొగల్రాజపురం, క్రీస్తురాజపురం కొండవాలుల్లో ఇళ్లకు మెట్లే దారి. గ్యాస్ సిలిండర్ భుజాన పైకి వెళ్లాలి, జ్వరమొస్తే మనిషి మెట్ల మీదుగా కిందికి రావాలి. పెద్దలకు, వికలాంగులకు అనువుగా ఉండాలంటే మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదని, వెడల్పు 30 సెంటీమీటర్లు ఉండాలని దేశంలోని ప్రమాణాలు చెబుతాయి. కొండ మీద మెట్లు ఎవరి వీలును బట్టి వాళ్లు కట్టుకున్నవి, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు. ఎత్తు మారిన ప్రతిచోటా కాలు తడబడుతుంది. ఆర్కిటెక్చర్ విద్యార్థులు టేపుతో కొలిచి, ఏ మలుపులో రెయిలింగ్ లేదో, ఎక్కడ కూర్చోవడానికి చిన్న అరుగు వేయవచ్చో మ్యాపు మీద గుర్తించి ఇస్తే నగరపాలక సంస్థ ముందు పెట్టడానికి ఒక కాగితం తయారవుతుంది. 'పైనున్న ముసలమ్మ దిగలేకపోతోంది' అనే మాట కంటే 'ఫలానా మెట్ల దారిలో ఫలానా చోట నలభై మెట్లకు ఒక్క రెయిలింగూ లేదు' అనే కాగితం పనిచేయిస్తుంది.

అదే ఇంట్లో మెడికల్, ఫిజియోథెరపీ విద్యార్థులు చేయగలిగిన పరీక్షలకు ఖర్చేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృద్ధుల సమగ్ర సంరక్షణకు ఇచ్చిన మార్గదర్శకాల్లో అవి ఉన్నాయి. చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోమంటారు. పధ్నాలుగు సెకన్లలో అవ్వకపోతే నడక, కండరాల బలం విషయంలో ఇంకాస్త పరీక్ష అవసరమని అర్థం. మూడు మాటలు చెప్పి కాసేపటికి మళ్లీ అడుగుతారు. ఆ సంస్థ ఇచ్చిన ఉదాహరణే పువ్వు, తలుపు, బియ్యం. మూడూ మన ఇళ్లలో రోజూ పలికే మాటలే. తర్వాత చూపు, వినికిడి, గత మూడు నెలల్లో బరువు తగ్గారా, మనసు దిగులుగా ఉంటోందా అన్నవి అడుగుతారు. మొత్తం కలిపి అరగంట పని. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు, ఎవరిని డాక్టరు దగ్గరకు పంపాలో చెప్పే జల్లెడ మాత్రమే. మన దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నట్టు 2023లో వచ్చిన జాతీయ అంచనా చెబుతోంది. అందులో ఎంతోమంది 'వయసొచ్చింది, మతిమరుపు మామూలే' అన్న మాట వెనక ఉండిపోతారు.

గుంటూరు వైపు సమస్య మరో రూపంలో కనిపిస్తుంది. ఎన్టీఆర్ భరోసా పింఛను వృద్ధులకు 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు, నెల మొదట్లో ఇంటి దగ్గరే అందుతోంది. చాలా ఇళ్లలో అదొక్కటే ముసలివాళ్లకు సొంత డబ్బు. ఏళ్ల తరబడి మిర్చి కోతలకు, పొలం పనులకు వెళ్లిన చేతుల్లో వేలిముద్రలు అరిగిపోతాయి. పింఛను కోసం మెషిన్ మీద ఒకటికి రెండుసార్లు వేలు పెట్టినా పడవు. పక్కన నలుగురు చూస్తుండగా తన వేలు తనదని రుజువు చేసుకోలేక నిలబడటం ఆ మనిషికి ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. రిటైరైన ఉద్యోగులకైతే ఏటా నవంబరులో బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వవచ్చు, కానీ ఆ యాప్ ఎక్కించుకుని, వెలుతురు చూసుకుని, ఓటీపీ కొట్టడం ఒంటరిగా ఉండే డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి కొండే. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఇక్కడ కూర్చోవాలి. పెద్దవాళ్ల చేతిలోంచి ఫోన్ లాక్కుని తామే చేసిపెట్టకూడదు. పక్కన కూర్చుని, వాళ్ల వేలితోనే వాళ్లచేత చేయించాలి. ఓపిక పట్టాలి. అలా కూర్చుంటే అక్షరాలు ఎందుకంత చిన్నవిగా ఉన్నాయి, తప్పు నొక్కితే వెనక్కి వచ్చే దారి ఎందుకు కనిపించదు అన్న ప్రశ్నలు ఆ విద్యార్థికే తట్టి, రేపు తను రాసే యాప్ మారుతుంది.

లా విద్యార్థుల వంతూ ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. డివిజన్ స్థాయి రెవెన్యూ అధికారి ముందు అది విచారణకు వస్తుంది. దానికి లాయరును పెట్టుకోనక్కర్లేదు. చట్టంలో పోషణ పరిమితి నెలకు పదివేల రూపాయలు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని తర్వాత వదిలేస్తే, ఆ బదిలీని రద్దు చేయించే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. గుంటూరు ఏసీ లా కాలేజీ విద్యార్థులో, విజయవాడ లా విద్యార్థులో తేలిక తెలుగులో ఒక పేజీ రాసి అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ గదుల్లో, మెడికల్ షాపుల్లో అంటిస్తే ఎంతో ఉపయోగం. అయితే చాలామంది తల్లులు కొడుకు మీద కాగితం పెట్టరు. 'వాడి పరువు పోతుంది' అంటారు. ఆ మాటను తక్కువ చేయకుండా విని, కేసుదాకా వెళ్లకుండా మాట్లాడించే దారులేమున్నాయో వెతకడం పుస్తకంలో లేని పాఠం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. డ్రోన్లతో ఆహారం పంపాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఏ సందులో మంచాన పడ్డ మనిషి ఉన్నారు, ఎవరికి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, ఎవరు ఆక్సిజన్ మీద ఉన్నారు అన్న వివరం పడవ ఎక్కేవాళ్ల దగ్గర ముందే ఉండాలి. వీధివీధినా తిరిగే విద్యార్థి బృందం దగ్గర, ఆ కుటుంబాల సమ్మతితో, అలాంటి జాబితా ఉంటే అది వార్డు సచివాలయ సిబ్బందికి ఇవ్వగలిగిన పెద్ద సాయం. ఎండలూ అంతే. 2015 మే నెల వడగాలులకు ఈ రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వడదెబ్బ ముప్పు వృద్ధులకే ఎక్కువ. చిక్కేమిటంటే, పెద్దవాళ్లకు అన్నిటికంటే కష్టమైన ఆ నెలలోనే కాలేజీలకు సెలవులు, హాస్టళ్లు ఖాళీ.

ఇక్కడే రాష్ట్ర డిగ్రీ చదువులో ఉన్న ఒక ఏర్పాటు ఆదుకుంటుంది. మొదటి సంవత్సరం అయ్యాక వేసవిలో విద్యార్థులు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి, దానికి క్రెడిట్లున్నాయి. సర్వే చేసి, అవగాహన కల్పించి, నివేదిక రాయాలి. చాలాచోట్ల ఈ నివేదిక సీనియర్ల దగ్గరి నుంచి తీసుకుని పేర్లు మార్చి ఇచ్చే రికార్డుగా తయారవుతుంది. దీన్ని ఒక వీధిలోని పెద్దవాళ్లకు కేటాయిస్తే అదే 180 గంటలు మే నెలలో వాళ్ల గుమ్మం ముందు ఉంటాయి. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో ఏడాదికి 120 గంటలు, శీతాకాలంలోనో వేసవిలోనో వారం రోజుల క్యాంపు ఉన్నాయి. మెడికల్ కాలేజీల్లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమం కింద ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థి కొన్ని కుటుంబాలను మొదటి సంవత్సరం నుంచి చూస్తుండాలి. గంటలున్నాయి, క్రెడిట్లున్నాయి, హాజరు పట్టీలూ ఉన్నాయి. వీటన్నిటినీ ఒకే వీధికి, ఒకే ఇళ్లకు మళ్లించే మనుషులే కావాలి. ఊరి బృందం అసలు పని అది.

ఇందులో పెద్దవాళ్ల పాత్ర ఏమిటి? సభ్యులుగా ఉండాలి, అంతే. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియానికి తెల్లవారకముందే నడకకు వచ్చేవాళ్లలో రిటైరైన హెడ్మాస్టర్లు, బ్యాంకు మేనేజర్లు, నర్సులు, విద్యుత్ శాఖ ఇంజినీర్లు ఎందరో. రెండు నగరాల్లోనూ పెన్షనర్ల సంఘాలు, వాకర్స్ సంఘాలు చురుగ్గా ఉన్నాయి. ఏ ఆఫీసులో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలిసినంత విద్యార్థులకు తెలియదు. బృందం కమిటీలో సగం మంది అరవై దాటినవాళ్లే ఉండి, ఈ ఏడాది ఏ పని చేయాలో వాళ్లు కూడా ఓటేసి తేలిస్తే ఆల్‌పోర్ట్ చెప్పిన షరతులు పుస్తకం తెరవకుండానే కుదురుతాయి. అయితే స్టేడియానికి నడకకు రాగలిగేవాళ్లు వృద్ధుల్లో ఒక వర్గం మాత్రమే. కూలిపనికి వెళ్లి ఇప్పుడు వెళ్లలేకపోతున్న వితంతువు వాకర్స్ క్లబ్బులో ఉండదు. ఆమె కోసం కుర్చీ ఖాళీగా ఉంచి, పిలిచి తెచ్చుకోవాలి.

కొన్ని జాగ్రత్తల్లో రాజీ పనికిరాదు. అడగకుండా ఫొటో తీయకూడదు, తీసినా స్టేటస్‌లో పెట్టకూడదు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నంబర్లు రాసుకోకూడదు. ఒంటరిగా ఉండేవాళ్ల ఇంటికి ఒక్కరే వెళ్లకూడదు. మందులు మార్చమని చెప్పకూడదు. నెరవేర్చలేని మాట ఇవ్వకూడదు. ఒంటి మీద దెబ్బలు కనిపించినా, తిండి పెట్టడం లేదని చెప్పినా ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి: ఫ్యాకల్టీ సలహాదారుకు చెప్పాలి, ఆ మనిషి ఇష్టాన్ని అడగాలి, వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 చేతిలో ఉండాలి. సర్వేను పరిశోధనగా వాడుకోవాలనుకుంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి.

ఉద్యోగాల మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. జపాన్, జర్మనీ వంటి దేశాలు వృద్ధుల సంరక్షణకు మన నర్సుల కోసం చూస్తున్నాయి. ఇక్కడే ఇంటి దగ్గర సంరక్షణ, ఫిజియోథెరపీ, పెద్దలకు అనువైన ఇళ్ల నిర్మాణం పెరుగుతున్నాయి. ఆ ఆశతో బృందంలో చేరినా తప్పు లేదు. 2017-18లో 72 వేలమందికి పైగా నలభై అయిదు దాటినవాళ్లతో జరిగిన జాతీయ వార్ధక్య సర్వే సమాచారంలో ఆంధ్రప్రదేశ్ భాగాన్ని తీసి చదివే అలవాటు చేసుకుంటే పీజీ ప్రాజెక్టుకు బలమైన అంశాలు దొరుకుతాయి.

విద్యార్థి బృందాలు ఎక్కువగా కూలేది ఒక్కచోటే. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోగానే తెలిసినవాళ్లు ఉండరు. వేరే క్లబ్బుల్లో అలా జరిగితే ఒక ఈవెంట్ పోతుంది. ఇక్కడైతే ప్రతి శనివారం సాయంత్రం గుమ్మం వైపు చూసే మనిషి ఉంటారు. కాబట్టి బాధ్యతలు ఫైనలియర్‌కి ఇవ్వకుండా రెండో సంవత్సరం వాళ్లకే ఇవ్వాలి. ఒక్కో ఇంటికి వేర్వేరు కాలేజీల నుంచి ఇద్దరు చొప్పున వెళ్లాలి. అప్పుడు ఒకరికి సెమిస్టర్ పరీక్షలున్నా రెండోవారి క్యాలెండర్ వేరుగా ఉంటుంది, విశ్వవిద్యాలయాలు వేరైన చిక్కు ఈ ఒక్క విషయంలో మేలు చేస్తుంది. వెళ్లిపోయేవాళ్లు చివరి నెలంతా కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, ఎవరికి ఏ చెవి వినపడదో, ఎవరికి టీలో చక్కెర వేయకూడదో, ఎవరిని వాళ్ల అబ్బాయి గురించి అడగకూడదో చెప్పి అప్పగించాలి. ఆ నోట్‌బుక్ ఎవరి హాస్టల్ గదిలోనూ ఉండకుండా కమిటీలోని పెద్దల్లో ఒకరి ఇంట్లో ఉంటే మంచిది.